పాత పేస్‌మేకర్ వైర్లు తీయించడం (లీడ్ ఎక్స్‌ట్రాక్షన్): మా అనుభవం, 5కి 4

5కి 4 ఇస్తున్నా. ఆస్పత్రి పేరు మాత్రం రాయను, పొగిడే చోటా రాయను తిట్టే చోటా రాయను, ఎందుకంటే ఈ పని ఎక్కడ చేయించుకున్నా చూసుకోవాల్సినవి ఇవే. పేస్‌మేకర్ పెట్టించుకోవడం గురించి చెప్పేవాళ్ళు బోలెడుమంది ఉన్నారు, పెట్టిన వైర్లు ఏళ్ళ తర్వాత బయటికి తీయించాల్సి వస్తే ఎలా ఉంటుందో తెలుగులో చెప్పినవాళ్ళు నాకైతే కనపడలేదు, అందుకే కొంచెం పెద్దగానే రాస్తున్నా, ఓపిక ఉన్నవాళ్ళు చదవండి.

మా నాన్నకి కంప్లీట్ హార్ట్ బ్లాక్ (గుండె పై గది నుంచి కింది గదికి కరెంటు అస్సలు అందదు), పేస్‌మేకర్ పెట్టి పదేళ్ళు దాటింది. బ్యాటరీ అయిపోతే బాక్సు మార్చారు, వైర్లు పాతవే ఉంచి కొత్త బాక్సుకి తగిలించారు, అది ఎక్కడైనా మామూలే. (ప్రపంచంలో మొదటిసారి ఒంట్లో పేస్‌మేకర్ పెట్టించుకున్న ఆర్నె లార్సన్, 1958లో స్వీడన్‌లో, ఆయనకి జీవితంలో మొత్తం 26 పేస్‌మేకర్లు పెట్టారట, 2001 దాకా బతికాడు. నాన్నకి ఈ సంగతి చెప్తే బాగా నచ్చింది, అందరికీ చెప్పుకునేవారు.) బాక్సు మార్చిన కొన్నాళ్ళకి ఎడమ కాలర్‌బోన్ కింద, బాక్సు ఉన్న చోట చర్మం ఎర్రబడింది, తర్వాత పల్చబడి మెరవడం మొదలైంది, ఆ తర్వాత చిన్న రంధ్రం పడి అందులోంచి నీరు కారేది. నొప్పి లేదు, జ్వరం లేదు, మనిషి తిరుగుతూనే ఉన్నారు, అందుకే మొదట చూపించిన చోట ఎవరూ దాన్ని పెద్దగా పట్టించుకోలేదు.

ఆ మొదటి చోటు గురించి రెండు ముక్కలు చెప్పాలి. యాంటీబయాటిక్ మాత్రలు ఇచ్చారు, డ్రెస్సింగ్ చేశారు, మానింది, మాత్రలు ఆపగానే మళ్ళీ తెరుచుకుంది, మళ్ళీ మాత్రలు, మళ్ళీ మానడం. ఒకసారి సూది పెట్టి నీరు లాగి టెస్టుకి పంపుదాం అన్నారు, నాన్న సూది అంటే భయంతో వద్దన్నారు. తర్వాత తెలిసింది, పేస్‌మేకర్ ఉన్న పాకెట్లోకి (చర్మం కింద బాక్సు పెట్టిన సంచిలాంటి చోటు) అలా బయటి నుంచి సూది పెట్టకూడదని గైడ్‌లైన్లలోనే ఉంది, ఇన్ఫెక్షన్ లేని చోటికి కూడా మనమే తీసుకెళ్ళినట్టవుతుంది. నాన్న భయం ఈ ఒక్కసారి పనికొచ్చింది.

అసలు మాత్రలతో ఎందుకు పోదు అంటే, బ్యాక్టీరియా (ఎక్కువగా మన చర్మం మీద ఉండే స్టాఫైలోకోకస్ రకాలే) బాక్సుకీ వైర్లకీ అంటుకుని పైన జిగురు పొర కట్టుకుంటాయి, మందు రక్తంలో ఎంత తిరిగినా ఆ పొర లోపలికి సరిగ్గా పోదు, పైగా ఆ వైరు ఇంకో చివర నేరుగా గుండెలో ఉంటుంది. బయట కనిపించేది కంది గింజంత రంధ్రం, లోపల దారి మాత్రం గుండె దాకా తెరిచి ఉన్నట్టే. అందుకే ఇన్ఫెక్షన్ అని తేలితే బాక్సూ, వైర్లూ అన్నీ తీసేయాలి, సగం తీసి సగం ఉంచడం కుదరదు అని 2017లో హార్ట్ రిథమ్ సొసైటీ (గుండె లయ చూసే డాక్టర్ల సంఘం) వాళ్ళు ఇచ్చిన డాక్యుమెంట్లో స్పష్టంగా ఉంది, చర్మం చిల్లిపడి డివైజ్ బయటపడితే చీము లేకపోయినా ఇన్ఫెక్షన్ కిందే లెక్క. ఇంత స్పష్టంగా ఉన్నా జరగదు. అమెరికాలో మెడికేర్ (ఎక్కువగా పెద్ద వయసువాళ్ళకి ఉండే ప్రభుత్వ ఆరోగ్య బీమా) పేషెంట్ల రికార్డులు చూస్తే డివైజ్ ఇన్ఫెక్షన్ వచ్చినవాళ్ళలో ఐదుగురిలో ఒకరికి కూడా నెలలోపు వైర్లు తీయలేదని తేలింది, తీసినవాళ్ళలో చావులు తక్కువ. అక్కడే అలా ఉంటే మనం మొదటి డాక్టర్ని ఒక్కడినే తిట్టి లాభం లేదు. కానీ తిట్టుకున్నాను, అది వేరే విషయం.

ఇక రెండో చోటు, అసలు రివ్యూ ఇక్కడిదే.

మొదటి కన్సల్టేషన్‌లో డాక్టరు గారు (ఎలక్ట్రోఫిజియాలజిస్ట్, గుండె కరెంటు సంగతి చూసే డాక్టరు) ఎక్స్‌రే స్క్రీన్ మీద పెట్టి రెండు వైర్లు చూపించారు, ఒకటి పై గదిలో, ఒకటి కింది గదిలో. "లాగితే రాదా సార్" అని తమ్ముడు అడిగాడు. కొత్తగా పెట్టినప్పుడైతే వస్తుందట, ఏడాది లోపుదైతే చాలాసార్లు మామూలుగానే వచ్చేస్తుంది, ఏడాది దాటితే దాన్ని ఎక్స్‌ట్రాక్షన్ అంటారు. ఏళ్ళు గడిచేకొద్దీ శరీరం ఆ వైరు చుట్టూ మచ్చ కండ పెంచుతుంది, భుజం దగ్గర సిర గోడకి, గుండె పైనున్న పెద్ద సిరకి, ట్రైకస్పిడ్ వాల్వ్‌కి (గుండె కుడివైపు పై గదికీ కింది గదికీ మధ్య ఉండే కవాటం), గుండె గోడకి అక్కడక్కడా అతుక్కుపోతుంది, కంచెకి కట్టిన ముళ్ళతీగని చెట్టు పెరిగి తనలో కలిపేసుకుంటుంది చూడండి, అలాగ. గట్టిగా లాగితే వైరు తెగొచ్చు, లేదా వైరుతో పాటు గోడ చిరగొచ్చు. అందులోనూ ఆ పెద్ద సిర గోడ పల్చగా ఉంటుంది, అది చిరిగితే నిమిషాల్లో ప్రాణం మీదకొస్తుంది.

నాకు నచ్చింది ఏంటంటే ఆయన ఇదంతా దాచలేదు, అలాగని భయపెట్టనూ లేదు, అంకెలు చెప్పారు. యూరప్‌లో ఎలెక్ట్రా అని పెద్ద రిజిస్ట్రీ (చాలా ఆస్పత్రుల కేసులు ఒకచోట చేర్చిన రికార్డు) ఉంది, 3500 మందికి పైగా పేషెంట్లు, అందులో సుమారు 97 శాతం మందికి పని అనుకున్నట్టు జరిగింది, ప్రొసీజర్ వల్ల పెద్ద కాంప్లికేషన్లు చావులతో కలిపి 1.7 శాతం మందికి, చావులు విడిగా చూస్తే మొత్తం పేషెంట్లలో 0.5 శాతం. అంతకుముందు లేజర్‌తో తీసిన 1449 మంది మీద లెక్సికాన్ అనే స్టడీ ఉంది, అందులో ప్రొసీజర్‌లో చనిపోయినవాళ్ళు 0.28 శాతం. నేను ఇంటికొచ్చి వెతికి చూసుకున్నా, చెప్పినవి నిజమే. "ఇవి ఎక్కువ చేసేవాళ్ళ అంకెలు అమ్మా, అరుదుగా చేసే చోట ఇలా ఉండవు" అని కూడా ఆయనే అన్నారు. ఎలెక్ట్రాలో ఏడాదికి 30 కన్నా తక్కువ చేసే సెంటర్లలో ఫలితాలు తగ్గాయి. మీ దగ్గర ఎన్ని చేస్తారు అని మొహం మీదే అడిగా, తడుముకోకుండా చెప్పారు, ఎంతమందికి కాంప్లికేషన్ వచ్చిందో కూడా చెప్పారు. ఈ ప్రశ్నకి ఎవరైనా కోపం తెచ్చుకుంటే లేచి వచ్చేయండి.

నాన్న ఒక్కటే అడిగారు, "తీయకపోతే?"
"ఇప్పుడు పాకెట్లో ఉంది సార్. రక్తంలోకి, వాల్వ్ మీదికి వెళ్ళాక తీయడం కన్నా ఇప్పుడు తీయడం తేలిక" అన్నారు. అంతే, ఇంకేం వాదన లేదు.

అడ్మిట్ అయ్యాక చేసిన ప్రిపరేషన్, అసలు నేను స్టార్లు ఇచ్చింది దీనికే. ముందు రక్తం కల్చర్లు (రక్తంలో బ్యాక్టీరియా పెరుగుతుందా అని చూసే టెస్టు) తీశారు. (అప్పటికే మాత్రలు మింగి ఉన్నారు కాబట్టి అందులో ఏమీ పెరగలేదు, తర్వాత పాకెట్లోంచి తీసిన శాంపిల్లో స్టాఫైలోకోకస్ ఎపిడెర్మిడిస్ అని, పైన చెప్పిన చర్మం మీది రకమే వచ్చింది.) గొంతులోంచి ట్యూబు పంపి చేసే ఎకో చేసి వైర్ల మీద, వాల్వ్ మీద గడ్డలేమైనా కట్టాయా అని చూశారు, పెద్ద గడ్డ ఉంటే ప్లానే మారిపోతుందట, ముందు దాన్ని పీల్చి తీయాలి లేదా గుండె ఆపరేషన్ చేసి తీయాలి. సీటీ తీసి వైరు ఎక్కడెక్కడ గోడకి ఆనుకుందో చూశారు. పేస్‌మేకర్‌ని కాసేపు తగ్గించి నాన్నకి సొంత కొట్టుకోవడం ఎంత ఉందో చూశారు, ఏమీ లేదు, అంటే వైరు తీసిన క్షణం నుంచి ఇంకో ఏర్పాటు ఉండాల్సిందే. రక్తం పల్చబడే మందులు ఎప్పుడు ఆపాలో కాగితం మీద రాసిచ్చారు, రక్తం రిజర్వు చేయించారు.

ముందురోజు సాయంత్రం కార్డియాక్ సర్జన్ వచ్చి పరిచయం చేసుకున్నారు. "రేపు నాకు పని పడకూడదనే కోరుకుందాం, కానీ నేను ఆ గదిలోనే ఉంటా" అన్నారు. పక్క బిల్డింగులో కాదు, ఫోన్ చేస్తే వచ్చే దూరంలో కాదు, ఆ గదిలో. నాన్నకి గడ్డం కింద నుంచి తొడల దాకా షేవ్ చేసి మందు పూశారు, భుజం దగ్గర పనికి ఇదంతా ఎందుకమ్మా అంటే ఆ సిస్టర్ మొహమాటపడకుండా "అవసరమైతే ఛాతీ తెరవాలి తాతగారూ, అప్పుడు శుభ్రం చేసే టైముండదు" అని చెప్పింది. గజ్జ దగ్గరి సిర నుంచి ఒక సన్నటి గైడ్ వైరు పెద్ద సిర దాకా ముందే వేసి ఉంచుతారట, సిర చిరిగితే దాని మీదుగా ఒక పొడుగాటి బెలూన్ పంపి ఉబ్బించి లోపలి నుంచి రక్తం ఆపుతారు, సర్జన్ ఛాతీ తెరిచేదాకా అది టైము కొనిపెడుతుంది. 2016 నుంచీ వాడకంలో ఉంది ఈ బెలూన్. మాకు దాని అవసరం రాలేదు. కానీ నేనైతే ఎక్స్‌ట్రాక్షన్ చేసే చోటుని దీన్నిబట్టే కొలుస్తా, జరగకూడనిది జరిగితే ఏం చేస్తారో ముందురోజే తడుముకోకుండా చెప్పగలుగుతున్నారా లేదా.

ఎందుకంటే బయట అందరూ చెప్పుకునేది మెషీన్ గురించి. ఫలానా చోట లేజర్ ఉంది, అక్కడికెళ్ళండి అని మాకు కనీసం ముగ్గురు చెప్పారు. లేజర్ మంచిదే, కాదనను. 1960లు 70ల్లో అయితే వైరు చివరకి బరువు కట్టి మంచం పక్కన వేలాడదీసి గంటలూ రోజుల తరబడి లాగేవాళ్ళట, చదివి నాకు ఒళ్ళు జలదరించింది. తర్వాత లాకింగ్ స్టైలెట్ వచ్చింది, వైరు లోపలి బోలు దారిలోకి సన్నటి ఉక్కు తీగ పంపి చివరి దాకా బిగిస్తారు, అప్పుడు లాగిన బలం వైరు సాగిపోకుండా కొస దాకా అందుతుంది. దాని పైనుంచి షీత్ అనే గొట్టం తోసుకుంటూ అతుకులు విడదీస్తూ వెళ్తారు. ఆ గొట్టం కొసకి లేజర్ తగిలిస్తే (ఎక్సైమర్ లేజర్, 308 నానోమీటర్లు, వేడితో కాల్చేది కాదు, తాకిన పల్చటి పొరని మాత్రమే కరిగిస్తుంది) పని సులువు, 1999లో వచ్చిన ప్లెక్సెస్ ట్రయల్లో లేజర్‌తో 94 శాతం వైర్లు పూర్తిగా వచ్చాయి, లేకుండా 64 శాతమే. కానీ సున్నం పట్టి గట్టిపడ్డ అతుకు ఉంటే లేజర్ అంత బాగా కోయదు, అక్కడ కొసన తిరిగే బ్లేడు ఉండే మెకానికల్ షీత్ కావాలి. వైరు మధ్యలో తెగి లోపల ఉండిపోతే గజ్జ నుంచి స్నేర్ అనే ఉచ్చు పంపి పట్టుకుని తీయాలి. అంటే ఒక మెషీన్ ఉండటం కాదు, ఒకటి పనిచేయకపోతే రెండోది ఆ టేబుల్ మీదే ఉండాలి, దాన్ని వాడటం వచ్చిన చేతులూ ఉండాలి.

మా విషయంలో సరిగ్గా అదే జరిగింది. పై గది వైరు స్టైలెట్ వేసి లేజర్ షీత్ కొంచెం దూరం పంపగానే వచ్చేసింది. కింది గది వైరు కాలర్‌బోన్ కింద అతుక్కుని కదల్లేదు, లేజర్ అక్కడ ఆగిపోయింది, మెకానికల్‌కి మార్చి ఆ భాగం దాటారు, పెద్ద సిర దగ్గర మళ్ళీ లేజర్. చివరికి కొస కూడా తెగకుండా మొత్తం వచ్చింది. బయట కూర్చున్న మాకు మధ్యమధ్యలో ఒకావిడ వచ్చి "మొదటిది వచ్చేసింది", "రెండోది టైము పడుతోంది, బీపీ బాగుంది" అని చెప్పి వెళ్ళింది, ఆవిడ డ్యూటీయే అదట. ఈ ఒక్క మనిషిని ప్రతి ఆస్పత్రి పెట్టుకోవాలి. తర్వాత ట్రేలో ఆ వైర్లు తెచ్చి చూపించారు, చుట్టూ తెల్లటి గొట్టంలా కండ పట్టుకుని ఉంది, తమ్ముడు మొహం తిప్పుకున్నాడు, నేను ఫోటో తీసుకున్నా.

బాక్సు ఉన్న పాకెట్ మొత్తం చెక్కి శుభ్రం చేశారు. ఇక గుండె కొట్టుకోవడానికి చేసిన ఏర్పాటు నాకు భలే నచ్చింది. మామూలు టెంపరరీ పేసింగ్ అంటే సన్నటి వైరు వేసి మంచం దిగొద్దు అంటారు, కదిలితే జారిపోతుందని. వీళ్ళు మెడ దగ్గరి సిరలోంచి శాశ్వత పేస్‌మేకర్‌కి వాడే స్క్రూ లీడ్ (కొసన స్క్రూతో గుండె గోడకి బిగుసుకునే వైరు) వేసి, దాన్ని బయట మెడ కింద చర్మం మీద అతికించిన ఒక పేస్‌మేకర్ బాక్సుకి కలిపారు. బాక్సు ఒంటి బయట ఉంటుంది, మనిషి లేచి నడవచ్చు, బాత్రూంకి వెళ్ళొచ్చు. యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు వైర్లు తీసిన రోజు నుంచి లెక్కపెట్టి రెండు వారాల దాకా ఉంటాయన్నారు, అన్నాళ్ళు మంచం మీదే ఉండాల్సి వస్తే నాన్న మమ్మల్ని చంపేసేవారు.

స్టార్ తగ్గింది కూడా ఈ బాక్సు దగ్గరే. ఐసీయూ నుంచి వార్డుకి మార్చాక అక్కడి స్టాఫ్‌కి ఇదేంటో ఎవరూ చెప్పినట్టు లేదు. పొద్దున డ్యూటీకి వచ్చినామె దాన్ని హోల్టర్ (గుండె కొట్టుకోవడాన్ని రికార్డు చేసే బాక్సు) అనుకుని "స్నానానికి తీసేద్దాం" అని ప్లాస్టర్ మీద చెయ్యి వేసింది. "అది హోల్టర్ కాదు సిస్టర్, ఆయన గుండె దాని మీదే నడుస్తోంది" అని నేను అరిచిన అరుపుకి పక్క గదిలోవాళ్ళు వచ్చారు. ఆ అమ్మాయిని తప్పుపట్టను, ఆమెకి చెప్పాల్సినవాళ్ళు చెప్పలేదు. ఓటీలో ప్రతి నిమిషానికీ ప్లాన్ వేసుకున్న టీము, ఆ బాక్సు మీద "తీయకూడదు, పేషెంట్‌కి సొంత రిథమ్ లేదు" అని ఒక స్టిక్కర్ అంటించలేకపోయింది. కంప్లయింట్ ఇచ్చాం, ఆ సాయంత్రమే మంచం తల దగ్గర పెద్ద అక్షరాలతో బోర్డు పెట్టారు. ఇలాంటి బాక్సుతో ఎవరైనా వార్డుకి వస్తే ఆ బోర్డేదో ముందే అడిగి పెట్టించుకోండి. ఇంకో చిన్న విషయం, డిస్చార్జ్ సమ్మరీలో తీసిన లీడ్ల మోడల్ నంబర్లు రాయలేదు, రెండుసార్లు అడిగితే గానీ చేర్చలేదు.

ఇన్ఫెక్షన్ లేకుండా ఈ ఆపరేషన్ గురించి ఆలోచిస్తున్నవాళ్ళు కూడా ఉంటారు, వాళ్ళకి నా రేటింగ్ నేరుగా వర్తించదు. వైరు విరిగిందనో, కంపెనీ రీకాల్ చేసిందనో (2007లో స్ప్రింట్ ఫిడెలిస్, 2011లో రియాటా అనే ఐసీడీ లీడ్లు, అంటే ప్రమాదకరంగా లయ తప్పితే షాక్ ఇచ్చే బాక్సు వైర్లు, అలాగే గొడవ అయ్యాయి), సిర మూసుకుపోయి కొత్త వైరుకి దారి లేదనో తీయాలా వద్దా అన్నది వేరే లెక్క, అక్కడ పాతదాన్ని అలాగే వదిలేసి పక్కన కొత్తది వేయడం కూడా ఒక దారే. వయసు తక్కువ ఉన్నవాళ్ళకి వదిలేసిన వైర్లు పోగుపడితే ముందుముందు తీయడం ఇంకా కష్టం, పెద్ద వయసువాళ్ళకి వదిలేయడమే మేలు కావచ్చు. తొందరపడకుండా రెండో డాక్టర్ని అడగడానికి టైముంటుంది వాళ్ళకి. ఇన్ఫెక్షన్ ఉన్నవాళ్ళకి ఆ టైము లేదు.

కొత్త పేస్‌మేకర్ సంగతి. ముందు అసలు మళ్ళీ అవసరమా అని చూస్తారట, కొందరికి అవసరం ఉండదు, అది అడగడం మర్చిపోవద్దు. నాన్నకి అవసరమే. వైర్లు తీశాక తీసిన రక్తం కల్చర్లు కనీసం 72 గంటలు నెగెటివ్‌గా ఉండాలి, పాత వైపు పెట్టకూడదు, కుడివైపు పెట్టొచ్చు లేదా లీడ్‌లెస్ పెట్టొచ్చు అన్నారు. లీడ్‌లెస్ అంటే వైరూ లేదు, చర్మం కింద పాకెట్టూ లేదు, సుమారు రెండు గ్రాముల బరువుండే చిన్న గొట్టం, గజ్జ సిర నుంచి పంపి గుండె లోపలే తగిలించి వచ్చేస్తారు, 2016 నుంచి అమెరికాలో అనుమతి ఉంది. ఇన్ఫెక్షన్ వచ్చిపోయినవాళ్ళకి ఇది బాగా సరిపోతుందన్నారు. షాక్ ఇచ్చే ఐసీడీ అవసరమైనవాళ్ళకి ఇది చాలదు, వాళ్ళకి చర్మం కిందే వైరు ఉండే రకం వేరే ఉంది.

నాన్న అంతా విని, "దీని బ్యాటరీ అయిపోతే మళ్ళీ ఇదంతా చేసి తీస్తారా?" అన్నారు.

"సాధారణంగా తీయం సార్, దాన్ని ఆపేసి అక్కడే వదిలేసి పక్కన ఇంకోటి పెడతాం."

"అయితే పెన్ను ఇటివ్వండి" అని ఫారం చదవకుండానే సంతకం పెట్టేశారు, నేను పక్కన కూర్చుని రెండు పేజీలూ చదివి తిరిగిచ్చా.